బోటు అల మీద ఎగిరితే ముక్కు మునుగుతోందా?

ప్రశ్న: సార్, మాది బరంపురం. దుబాయ్‌లో పనిచేసేటప్పుడు నిలబడి నడిపే జెట్ స్కీ నేర్చుకున్నాను. బోటు వెనక లేచే అల మీద నుంచి ఎగరాలని చూస్తే ప్రతిసారీ బండి ముక్కు నీళ్లలోకి దిగిపోయి ముందుకు పడిపోయేవాణ్ణి. తప్పెక్కడ? మా బావ సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొంటానంటున్నాడు, రంభ దగ్గర చిలికాలో టూరిస్టు బోట్ల వెనక ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు: ముందు రెండోదానికి చెప్తాను: వద్దు. చిలికా 1981లో రామ్‌సర్ జాబితాకి, అంటే కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకి ఎక్కిన సరస్సు, ఇరావడి డాల్ఫిన్లు ఊపిరి తీసుకోడానికి పైకొచ్చే నీళ్లు, ఎంతోమంది జాలర్ల వలలూ బతుకులూ అక్కడే ఉన్నాయి. పైగా లోతు తక్కువ. జెట్ స్కీ నడిచేది నీళ్లను లాగి వెనక్కి చిమ్మే పంపుతో, అడుగున ఉన్న నాచును ఆ పంపు లాక్కుంటే బండి అక్కడే ఆగిపోతుంది.

ఇక ఎగరడం సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అల అంచు దగ్గరకు రాగానే భయంతో థ్రాటిల్ (ఇంజను వేగం పెంచే మీట) వదిలేస్తున్నారనిపిస్తోంది, చాలామంది చేసేదే ఇది. వదలగానే తోపు పోతుంది, ముక్కు కిందికి వాలుతుంది. మోకాళ్లు వంచి, బరువు కాస్త వెనక్కి పెట్టి, అంచు ఎక్కేటప్పుడు థ్రాటిల్ గట్టిగా ఇచ్చి హ్యాండిల్ పోల్‌ను మీ వైపు లాగండి. గాల్లోకి లేచాక వదలండి, ఎందుకంటే పంపుకి నీళ్లందక ఇంజను ఉత్తినే విపరీతంగా తిరిగిపోతుంది. తోక నీళ్లకు తగలగానే మళ్లీ ఇవ్వాలి, ఎందుకంటే ఈ బండికి చుక్కాని లేదు, వెనకున్న గొట్టం మూతి, అంటే నాజిల్‌లోంచి వచ్చే నీటి ధారతోనే తిరుగుతుంది, థ్రాటిల్ లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా నేరుగానే పోతుంది. దిగేటప్పుడు చేతులు కూడా వంచి, గడ్డం హ్యాండిల్‌కి దూరంగా పెట్టండి, దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే.

బోటుకి మరీ దగ్గర్లో ప్రొపెల్లర్ కలిపిన తెల్లటి నురుగులో పంపుకి పట్టు దొరకదు, కాస్త వెనక్కి వెళ్తే అల నున్నగా వస్తుంది. దగ్గరగా వెళ్లకూడదని నేననడానికి అంతకంటే పెద్ద కారణం ఉంది. ఆ బోటుకి అవతలి వైపు నుంచి ఇంకో పడవ వస్తుంటే మీకు కనబడదు, వాళ్లకీ మీరు కనబడరు. అమెరికాలోని ఫ్లోరిడా చట్టం అవతల ఏముందో చూపు ఆనని చోట అలల మీద దూకడాన్ని నిర్లక్ష్యపు నడపడంగానే లెక్కేస్తుంది. కాబట్టి ముందే మాట్లాడుకున్న స్నేహితుడి బోటు వెనకే, అటూ ఇటూ చూసి చెప్పే మనిషి ఆ బోటులో ఉంటేనే చేయండి.

లైఫ్ జాకెట్, హెల్మెట్ సరే, నడుము కింద వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే మందపాటి రబ్బరు దుస్తులు) కూడా తప్పదు. వెనక్కి పడితే నాజిల్ ధార శరీరం లోపలికి దూసుకెళ్లి లోపలి అవయవాలను చీల్చే ప్రమాదముంది, మామూలు షార్ట్‌లు దాన్ని ఆపలేవు. మీ బావ కొనేముందు నడిపేవాడు పడిపోతే ఇంజను ఆగేలా మణికట్టుకి కట్టుకునే తాడు లాగితే ఇంజను వెంటనే ఆగుతోందో లేదో నీళ్లలో పెట్టి చూడమనండి.