పనారియాకి వెళ్లండి, ఎఫ్‌డీ జోలికి పోకుండా

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 37. జీతం నెలకు 1,18,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 38,000. ఇంటి ఖర్చు, పాప స్కూలు, ఊళ్లో అమ్మానాన్నల మందులు కలిపి 49,000. ఎఫ్‌డీ 2.8 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉన్నాయి. ఆగస్టులో మా పదో పెళ్లిరోజుకి ఇటలీలో సిసిలీ దగ్గరున్న పనారియా ద్వీపంలో రెండు రాత్రులు ఉండి, బోటు మాట్లాడుకుని చుట్టూ తిరగాలని ఆశ. ముగ్గురికీ 6.8 లక్షలవుతుంది. ఎఫ్‌డీ ఎలాగూ ఊరికే పడి ఉంది కాబట్టి అది తీసి, 4 లక్షలు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. మార్చిలో బోనస్ 1.6 లక్షలు రాగానే ఎఫ్‌డీ మళ్లీ వేసేస్తాను. సరైన ప్లానేనా?

జవాబు: కాదు. ‘ఊరికే పడి ఉంది’ అన్నారు చూడండి, ఆ మాట కోసమే మీ ఉత్తరం తీసుకున్నాను. నెలకు నాలుగైదు ఉత్తరాల్లో ఇదే మాట కనిపిస్తుంది. ఒకరికి కారు, ఒకరికి మేనకోడలి పెళ్లి, మీకు ద్వీపం. ఆ ఎఫ్‌డీ ఊరికే పడి లేదు, కాపలా కాస్తోంది.

లెక్క చూద్దాం. మీ ఇల్లు నడవడానికి నెలకు 87,000 కావాలి. ఆపద కోసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, దాన్నే ఎమర్జెన్సీ ఫండ్ అంటాం. మీకది 5.22 లక్షలు. మీ దగ్గరున్నది మొత్తం 3.4 లక్షలు, అంటే నాలుగు నెలలకు కూడా చాలవు. ఇప్పుడు ఎఫ్‌డీ తీసేసి, 4 లక్షల లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 13,700. వడ్డీయే 92,000 పైచిలుకు. నెల ఖర్చు లక్ష దాటుతుంది, చేతిలో ఉండేది 60,000. ఉద్యోగం పోతే పద్దెనిమిది రోజులు గడుస్తాయి. మీ రంగంలో ఇంకో ఉద్యోగం దొరకడానికి ఈ రోజుల్లో ఎన్నాళ్లు పడుతోందో మీకే బాగా తెలుసు.

నా దగ్గరికొచ్చే ఒకాయన సరిగ్గా ఇలాగే బాలి వెళ్లొచ్చారు. మూడో ఈఎంఐ కట్టిన వారానికి వాళ్ల నాన్నగారికి గుండెపోటు. రాత్రి పదకొండింటికి ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర లక్షన్నర అడ్వాన్స్ అడిగారు. కార్డు లిమిట్ అయిపోయింది. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు లేరు. భార్య గాజులు తీసిచ్చారు కానీ ఆ వేళప్పుడు గోల్డ్ లోన్ ఆఫీసు తెరిచి ఉండదు కదా. తోడల్లుడు డబ్బు వేసేదాకా ఆయన ఆ కౌంటర్ ముందు కుర్చీలోనే ఉన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు బాలి ఫొటోలు ఫోన్‌లోంచి తీసేశానన్నారు. మీ అమ్మానాన్నలకు పాలసీ ఉందో లేదో మీరు రాయనే లేదు.

ఇక విహారానికి అప్పు. ఇల్లు కొంటే ఇల్లు మిగులుతుంది. ఇక్కడ సూట్‌కేసు విప్పాక కూడా ముప్పై ఆరు నెలలు కట్టాలి. ఏజెంటు ‘జీరో కాస్ట్ ఈఎంఐ’ అంటే నమ్మకండి, వడ్డీ ప్యాకేజీ ధరలోనే కలిపేసి ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద తిప్పుదామనే ఆలోచన అసలే వద్దు. విదేశాల్లో గీకితే చాలా కార్డులు 3.5 శాతం దాకా అదనంగా వేస్తాయి.

పనారియా గురించి రెండు మాటలు, ఎందుకంటే మీ ఖర్చు అక్కడే ఉబ్బింది. ఆ దీవి మొత్తం 3.4 చదరపు కిలోమీటర్లు. ఏడాది పొడుగునా ఉండేవాళ్లు మూడు వందల లోపే. కార్లు లేవు, గోల్ఫ్ బండ్లే. ఆగస్టులో యూరప్ డబ్బున్నవాళ్లంతా యాట్‌లు వేసుకుని అక్కడే దిగుతారు, గది అద్దె వాళ్ల స్థాయిలోనే ఉంటుంది. అదే సిసిలీ తీరంలోని మిలాట్సోలోనో, పక్క దీవి లిపారిలోనో బస చేస్తే, మధ్యాహ్నం బయల్దేరి పనారియాలో ఆగి, చీకటి పడే వేళకు స్ట్రాంబోలి అగ్నిపర్వతం నిప్పులు కక్కడం సముద్రం మీంచే చూపించి, రాత్రికి దింపేసే బోట్లు ఉన్నాయి. పది మందితో కలిసి వెళ్లాలి, అంతే. మూడు వేల ఏళ్లు దాటిన కంచుయుగపు గుడిసెల పునాదులు పనారియా దక్షిణ కొసన ఉన్నాయి. వాటి దాకా నడిచి వెళ్లడానికి సొంత బోటు అక్కర్లేదు.

నేనైతే ఇలా చేస్తాను. మార్చి బోనస్ మొత్తం ఎమర్జెన్సీ ఫండ్‌కే. రాకపోతే ప్రయాణం వెనక్కి జరుగుతుంది, ఫండ్ కాదు. మీకు నెలకు 31,000 మిగులుతోంది కదా, అందులో 25,000 ఆర్డీ కడితే పద్దెనిమిది నెలల్లో వడ్డీ కాకుండానే 4.5 లక్షలు. రెండు రాత్రుల బస, సొంత బోటు మానుకుంటే ముగ్గురికీ ఆ డబ్బులో సర్దుకోవచ్చు. జూన్ మొదటి వారంలో వెళ్లండి, మన బడులు తెరవక ముందే, ఆగస్టు ధరలు రాకముందే. పదో పెళ్లిరోజు పదకొండో ఏట చేసుకుంటే మీ ఆవిడ ఏమీ అనుకోరు. ఈ లెక్క చూపిస్తే అసలే అనుకోరు. మిగిలిన 6,000 బీమా ప్రీమియంలకు. మ్యూచువల్ ఫండ్స్ సంగతి ఎమర్జెన్సీ ఫండ్ నిండాక మాట్లాడుకుందాం.

వెళ్లేటప్పుడు కూడా చిన్న ఎమర్జెన్సీ ఫండ్ ఒకటి పెట్టుకోండి. గాలి పెరిగి సముద్రం లేస్తే అక్కడ దీవుల మధ్య తిరిగే వేగపు పడవలు, హైడ్రోఫాయిల్స్, ఆపేస్తారు. అండమాన్‌లో నాకు ఒకసారి ఇదే జరిగింది. ఫెర్రీ రద్దయ్యి రెండు రాత్రుల గది అద్దె, కొత్త విమానం టికెట్లు నెత్తిన పడ్డాయి. కాబట్టి తిరుగు పడవకీ, సిసిలీలోని కటానియా నుంచి ఎక్కే విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచండి. ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా కోసం అతి చవక పాలసీ కొనేయకుండా, దీవి నుంచి అత్యవసరంగా తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఇస్తుందా అని చదివి కొనండి. పెద్ద ఆసుపత్రి కావాలంటే సిసిలీకే రావాలి.

మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, ఊసు కూడా లేదు. ఉంటే ఎంతకి ఉందో రాయండి. లేకపోతే ఆర్డీ కన్నా ముందు అది తీసుకోండి.