టెక్ సందేహాలు: ఎలక్ట్రాన్ గోడ దాటితేనే మీ ఫైలు సేవ్ అవుతుంది

ప్రశ్న: పెన్‌డ్రైవ్ పనిచేసేది క్వాంటమ్ టన్నెలింగ్ వల్లే అంటున్నాడు ఫిజిక్స్ చదువుతున్న మా అబ్బాయి. ఎలక్ట్రాన్లు గోడలోంచి అలా దాటిపోగలిగితే లోపల దాచిన ఫైళ్లు కూడా కారిపోవాలి కదా?

మీ అబ్బాయి చెప్పింది నిజం. మీరు అడిగింది అంతకంటే మంచి ప్రశ్న. రాసేటప్పుడు దారి ఇచ్చేదీ, దాచేటప్పుడు అడ్డుకునేదీ ఒకే గోడ. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్ స్టోరేజీ, ఎస్ఎస్‌డీ, అన్నింట్లోనూ ఉండేది ఫ్లాష్ మెమరీయే. అందులో ప్రతి సెల్‌కూ (డేటాను దాచే చిన్న గడికి) ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే ఒక చిన్న అర ఉంటుంది. చాలాకాలంగా వాడుతూ వచ్చిన రకంలో దాని పేరు ఫ్లోటింగ్ గేట్. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించిన ఆలోచన ఇది. ఆ అరకు తీగ ఉండదు, తలుపు ఉండదు. చుట్టూ కరెంటును పోనివ్వని పొరే, మనం గోడ అంటున్నది దాన్నే. సిలికాన్ వైపున ఉండే ఆక్సైడ్ పొర మందం సుమారు 7 నుంచి 10 నానోమీటర్లు (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు). దాని పైనుంచి దూకాలంటే ఎలక్ట్రాన్‌కు 3 ఎలక్ట్రాన్ వోల్టుల పైన శక్తి కావాలి. గది ఉష్ణోగ్రతలో వేడి వల్ల దానికి దొరికేది సగటున అందులో వందో వంతుకు అటూ ఇటూ. అంటే పైనుంచి దూకే ఆశ లేనట్టే.

కానీ ఎలక్ట్రాన్ తరంగంలా కూడా ప్రవర్తిస్తుంది. ఆ తరంగం గోడ అంచు దగ్గర టక్కున ఆగదు. లోపలికి పోయేకొద్దీ సన్నగిల్లుతూ వెళ్తుంది. గోడ పల్చనిదైతే అవతలి అంచు దాకా ఇంకా కాస్త మిగులుతుంది. అలా మిగిలినదాన్ని బట్టే ఎలక్ట్రాన్ అవతల కనిపించే అవకాశం ఎంతో తేలుతుంది. ఇదే క్వాంటమ్ టన్నెలింగ్. ఎలక్ట్రాన్ రంధ్రం చేసుకుని వెళ్తుందని, శక్తి అప్పు తెచ్చుకుని గోడ ఎక్కుతుందని కొందరు చెబుతుంటారు. దయచేసి పిల్లలకు అలా నేర్పకండి. అది ఏ రంధ్రమూ చేయదు, దాటడానికి అదనపు శక్తీ తెచ్చుకోదు.

మందం కొంచెం మారినా ఈ అవకాశం విపరీతంగా మారుతుంది. 1981లో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ తయారుచేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌లో సూది మొనకూ ఉపరితలానికీ మధ్య ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు సుమారు పదో వంతుకు పడిపోతుంది. అలాంటప్పుడు 7, 8 నానోమీటర్ల గోడ ఎంత గట్టిదో చూడండి. అందుకే ఫైళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

మరి రాసేదెలా? ఆ అర పైన ఉండే కంట్రోల్ గేట్ అనే ఎలక్ట్రోడ్‌కు సుమారు 20 వోల్టులు ఇస్తారు. దాంతో గోడ ఏటవాలుగా వంగుతుంది. నిలువు గోడ కాస్తా త్రికోణమైపోతుంది. ఎలక్ట్రాన్‌కు ఉన్న శక్తి మట్టం దగ్గర ఆ గోడ మందం 3 నానోమీటర్ల దరిదాపులకు తగ్గిపోతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు దాటుతాయి. వోల్టేజీ తీసేయగానే గోడ మళ్లీ మందమవుతుంది, వెళ్లినవి లోపలే చిక్కుకుంటాయి. చెరిపేటప్పుడు వోల్టేజీని తిప్పి ఇస్తారు. 1928లో లోహాల నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడాన్ని వివరించిన రాల్ఫ్ ఫౌలర్, లోథార్ నార్డ్‌హైమ్‌ల పేరుతోనే ఇంజనీర్లు దీన్ని పిలుస్తారు. చేతిలో ఇమిడే వస్తువులో ఇంత లోతైన భౌతికశాస్త్రం రోజూ పనిచేస్తుండడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ప్రశ్న: ఎలక్ట్రాన్ రంధ్రం చేయకుండానే వెళ్తే ఎస్ఎస్‌డీ అరిగిపోవడం ఎందుకు? నెలకోసారి డీఫ్రాగ్ చేస్తే మంచిదేనా?

అరుగుదల మొదలయ్యేది గోడ పల్చబడిన భాగాన్ని దాటాక. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ ఆక్సైడ్ లోపలే బలమైన విద్యుత్ క్షేత్రంలో వేగం పుంజుకుంటుంది, అణువుల అమరికను దెబ్బతీస్తుంది. రాసి చెరిపిన ప్రతిసారీ కొన్ని లోపాలు మిగులుతాయి. సెల్‌కు ఒక్క బిట్ దాచే పాత రకం సుమారు లక్ష సార్లు తట్టుకునేది. మూడు బిట్లు దాచే ఇప్పటి రకానికి ఆ లెక్క వేలల్లోనే ఉంటుంది.

డీఫ్రాగ్, అంటే ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోట చేర్చడం, తిరిగే డిస్కుల కోసం పుట్టింది. ఎస్ఎస్‌డీలో డేటా ఏ మూల ఉన్నా చదివే వేగం దాదాపు ఒకటే, కాబట్టి ఆ పని వల్ల అనవసరపు రాతలు పెరగడమే మిగులుతుంది. మానేయండి. అలాగని ఫొటోలు తీయడానికి, చెరపడానికి టెన్షన్ పడకండి. రాతలను అన్ని సెల్స్‌కూ సమంగా పంచే పని ఎస్ఎస్‌డీలోని కంట్రోలర్ చిప్ చూసుకుంటుంది.

ప్రశ్న: పెళ్లి ఫొటోలన్నీ పాత ఎస్ఎస్‌డీలో ఉన్నాయి. రెండేళ్లుగా అల్మరాలోనే ఉంది. ఏమైనా అవుతుందా?

ఈరోజే తీసి కనెక్ట్ చేయండి, ఫొటోలను ఇంకోచోటికి కాపీ చేయండి. బాగా వాడిన గోడలో ఆ లోపాలే మెట్లుగా మారతాయి, ఎలక్ట్రాన్లు వాటి మీదుగా బయటికి జారతాయి. వేడి ఎక్కువైతే అది ఇంకా త్వరగా జరుగుతుంది. మెమరీ చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్ఎస్‌డీ, దాని రాతల పరిమితి మొత్తం అయిపోయాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటాను నిలబెట్టాలి. తక్కువగా వాడినది అంతకంటే చాలా కాలం నిలుస్తుంది. అయినా తిరిగి తీసుకోలేని ఫొటోలకు ఒకే కాపీ ఉంచుకోవద్దు. రెండోది హార్డ్ డిస్కులో పెట్టండి. అందులో డేటా అయస్కాంత రూపంలో ఉంటుంది, ఈ కారుడు బెడద లేదు.

ప్రశ్న: ప్రాసెసర్‌కు కూడా టన్నెలింగ్ మేలు చేస్తుందా?

అక్కడ అది శత్రువు. ట్రాన్సిస్టర్ గేటు కింది ఆక్సైడ్ పొర 1.2 నానోమీటర్లకు చేరేసరికి ఎలక్ట్రాన్లు అడ్డూ ఆపూ లేకుండా కారి, కరెంటు వృథా అయ్యేది. 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్‌లలో హాఫ్నియం ఆధారిత పొరకు మారింది. ఆ పదార్థాన్ని మందంగా వేసినా ట్రాన్సిస్టర్ మీద గేటుకు పట్టు తగ్గదు, కారుడు మాత్రం తగ్గుతుంది.