అమెరికాలో కేసు: జ్యూరీ కావాలా, జడ్జి చాలా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తాగి కారు నడిపాడని పోలీసులు కేసు పెట్టారు. ఊదడానికి వాడు ఒప్పుకోలేదు, రక్తపరీక్షా జరగలేదు. విచారణ జ్యూరీ ముందా, జడ్జి ఒక్కరి ముందేనా అని అక్కడి లాయరు అడుగుతున్నారు. జడ్జిగారైతే చట్టం తెలిసినవారు కదా, అదే మేలనిపిస్తోంది. మీరేమంటారు? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: మీకలా అనిపించడం సహజమేనండీ. జ్యూరీ అంటే సాక్ష్యాలు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం. మన కోర్టుల్లో అది లేక అర్ధశతాబ్దం దాటింది. 1959 నాటి నానావతి అనే నౌకాదళ అధికారిపై హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంటే, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. (పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం దాని ఛాయ ఇంకా మిగిలింది.)

టెక్సాస్ సంగతి వేరు. మీవాడిది మొదటి కేసైతే, అది సాధారణంగా 180 రోజుల వరకు జైలు పడగల చిన్న నేరం. దానికీ అక్కడ జ్యూరీ హక్కుంది. కౌంటీ కోర్టులో ఆరుగురు కూర్చుంటారు. దోషి అనాలన్నా, నిర్దోషి అనాలన్నా ఆరుగురూ ఒక్కమాట మీదుండాలి. ఒక్కరు కుదరదంటే తీర్పు రాదు. అయితే ప్రాసిక్యూషన్ మళ్లీ విచారణ కోరవచ్చు. జడ్జి ముందైతే ఆయన ఒక్కరినీ ఒప్పిస్తే ప్రాసిక్యూషన్ పని అయిపోయినట్టే.

మీవాడి కేసులో యంత్రం చూపిన అంకె లేదు. పోలీసు మాట, వీడియో, ఊదనన్నాడన్న సంగతి ఉంటాయి. ఊదకపోవడాన్ని కూడా అక్కడ సాక్ష్యంగా చూపవచ్చు. వీడియోలో మనిషి తూలకుండా, తడబడకుండా ఉంటే నేను జ్యూరీ వైపే మొగ్గుతాను. అలాంటి సాక్ష్యాలు రోజూ వినే జడ్జి కంటే, మొదటిసారి వింటున్న ఆరుగురికి అనుమానం కలిగించడం తేలిక. వివాదమంతా చట్టంలోని మెలిక మీదే ఉంటే జడ్జి మేలు. తాగుడు కేసంటేనే మండిపడే ఊరైనా అంతే. జ్యూరీ కారణాలు చెప్పదు, అవునో కాదో తేల్చేసి ఇంటికి పోతుంది.

జ్యూరీ వద్దనుకుంటే మీవాడు కోర్టులో రాతపూర్వకంగా వదులుకోవాలి. దానికి జడ్జీ, ప్రాసిక్యూటరూ ఇద్దరూ ఒప్పుకోవాలి. మీవాడు కోరుకున్నంత మాత్రాన జడ్జి విచారణ దొరకదు. ఆ ఆరుగురూ అమెరికా పౌరులే, వీసా మీదున్న మనవాళ్లెవరూ అందులో కూర్చోలేరు. జాతి చూసి జ్యూరీ సభ్యులను తప్పించడం మాత్రం 1986 నుంచి చెల్లదు.

మీకు కొత్తగా అనిపించే సంగతొకటుంది. జడ్జి అన్నా జ్యూరీ అన్నా, విచారణ తర్వాత నిర్దోషి అంటే కేసు అక్కడితో సరి. మన దగ్గరలా ప్రభుత్వం పైకోర్టుకు పోదు.

వీసా సంగతి మాత్రం వేరే దారి. అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేసే అధికారం అమెరికా ప్రభుత్వానికి ఉంది. దోషి అన్న తీర్పు జడ్జి ఇచ్చినా జ్యూరీ ఇచ్చినా ఇమ్మిగ్రేషన్ వారికి ఒకటే. ప్రాసిక్యూటర్‌తో రాజీకి సంతకం పెట్టేముందు, కేసు నడుస్తుండగా ఇండియాకు రావాలనుకునేముందు, విడిగా ఇమ్మిగ్రేషన్ లాయరుకు కాగితాలు చూపించమనండి.