ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉండగా పిల్లలకు ఎక్కాలు నోటికి రావాలా?

రావాలి, కనీసం పదో ఎక్కం దాకా తడుముకోకుండా రావాలి, ఇరవై దాకా వస్తే మరీ మంచిది. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి నాలుగైదు అంశాలే. ఏడెనిమిదులు ఎంతో వెతుక్కోవడానికే ఆ కాస్త చోటూ పోతే, అసలు లెక్క ఎక్కడిదాకా వచ్చిందో జారిపోతుంది.

కోనసీమలో ఎకరం కొబ్బరితోట వేస్తున్నారనుకోండి. మొక్కకూ మొక్కకూ, వరసకూ వరసకూ 25 అడుగులు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఒక్కో మొక్కకు 25 ఇంటూ 25, అంటే 625. భాగిస్తే సుమారు 70 మొక్కలు. తొందరలో ఒట్టి 25తో భాగించిన పిల్లవాడికి తెర మీద 1742.4 కనపడుతుంది. క్యాలిక్యులేటర్ తప్పు చెప్పలేదు, అడిగిందే తప్పు. ఆరేడులు నలభై రెండు నోట్లో ఉన్నవాడు 600 ఇంటూ 70 అంటే 42,000 అని అక్కడికక్కడే సరిచూసుకుని, 1742 కుదరదని పట్టేస్తాడు.

చాలామంది పొరబడేది ఇంకోచోట: వరసగా అప్పజెప్తే ఎక్కం వచ్చేసినట్టేనని. ‘ఏడొకట్ల ఏడు’ నుంచి మొదలుపెడితే తప్ప ఏడెనిమిదుల దగ్గరికి చేరలేకపోతే వచ్చింది పాట, ఎక్కం కాదు. వరస తప్పించి అడగాలి. ఫోన్ పనికొచ్చేది ఇక్కడే: టైమర్ పెట్టి నిమిషానికి 20 ప్రశ్నలు, తప్పినవి మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ. జవాబు తెర మీద పడకముందే నోటితో చెప్పించాలి. చూశాక ‘ఆఁ, తెలుసులే’ అనుకున్నది నిలవదు.