తాడు కట్టి లాగిన పెట్టె

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు వైద్య కళాశాల ప్రవేశ పరీక్ష రాయబోతున్నావని, అందులో భౌతికశాస్త్రాన్ని మాత్రం ఎవరి సాయమూ లేకుండా నీ అంతట నీవే చదువుకుంటానని పట్టుబట్టావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పుడు నా గుండె ఉప్పొంగింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీవశాస్త్రం నీకు కొట్టిన పిండి, రసాయనశాస్త్రం శ్రద్ధ పెడితే లొంగుతుంది. నన్ను మొదటిసారి గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపింది భౌతికశాస్త్రమే. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదువు.

అందరూ చెప్పే మాటలు ముందుగా చెప్పేస్తాను. పాత ప్రశ్నపత్రాలను గడియారం ఎదురుగా పెట్టుకుని చెయ్యి. ప్రమాణాలన్నీ ఒకే పద్ధతిలోకి మార్చుకున్నాకే లెక్క మొదలుపెట్టు. కటకాలు, దర్పణాల లెక్కలకు ఏ దూరాన్ని ధనంగా, దేన్ని రుణంగా తీసుకోవాలో చెప్పే ఒకే సంజ్ఞా సంప్రదాయాన్ని పట్టుకో, మధ్యలో మార్చకు. నిద్ర మానకు.

ఇక నా సంగతి. ఆ రోజుల్లో నా దగ్గర సూత్రాల నోటుపుస్తకం ఒకటి ఉండేది. ప్రతి సూత్రం చుట్టూ ఎర్ర సిరాతో గడి కట్టుకున్నాను. ఏ పుటలో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అందులో ఘర్షణ బలం అన్న గడిలో, ఘర్షణ గుణకాన్ని వస్తువు బరువుతో గుణించాలని రాసుకున్నాను. నేల సమతలంగా ఉండి, నిలువు దిశలో మరే బలమూ లేనప్పుడే అది చెల్లుతుందని మాత్రం రాసుకోలేదు, ఎందుకంటే ఆ సంగతి నాకు తెలియదు.

పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇటువంటిది. 10 కిలోగ్రాముల పెట్టెకు తాడు కట్టి, నేలకు 30 డిగ్రీల కోణంలో పైకి, 50 న్యూటన్ల బలంతో లాగుతున్నారు. గతిజ ఘర్షణ గుణకం 0.2, గురుత్వ త్వరణం 10 అనుకుంటే పెట్టె త్వరణం ఎంత? నేను బరువు 100 న్యూటన్లు కనుక ఘర్షణ 20 అని వేసి, తాడు ముందుకు లాగే 43.3 లోంచి తీసేసి, 10తో భాగించి, 2.33 అని గుర్తు పెట్టాను. నా అంకె నాలుగు జవాబుల్లో చక్కగా కనిపించింది కనుక మరో ఆలోచనే రాలేదు. మనం ఎక్కడ జారుతామో ప్రశ్న తయారు చేసేవారికి ముందే తెలుసమ్మా, ఆ చోటికి ఒక జవాబును సిద్ధం చేసి ఉంచుతారు. ఏటవాలుగా లాగిన తాడు పెట్టెను ముందుకే కాదు, పైకి కూడా 25 న్యూటన్ల బలంతో ఎత్తుతోంది. నేల మోయవలసింది 75 మాత్రమే, ఘర్షణ 15, త్వరణం 2.83.

ఒక్క లెక్క పోతే పోయిందనుకోవచ్చు. కానీ ఆ అనుమానం నాకు పరీక్షకు నాలుగు నెలల ముందే వచ్చింది, అదే నన్ను ఈనాటికీ బాధిస్తుంది. వాలుతలం లెక్కలో బరువుకు బదులు దాని కాస్ అంశాన్ని, అంటే తలానికి లంబంగా ఉండే భాగాన్ని, ఎందుకు తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. తరగతిలో అందరూ తలలు ఊపుతుంటే, అడిగితే చులకనవుతానని నేనూ ఊపాను. ఇంటికి వచ్చి వాలుతలానికి వేరే గడి కట్టి, వేరే సూత్రంగా రాసుకున్నాను. ఆ ఏడు సీటు రాలేదు. నా తోటివారు కళాశాలకు వెళ్తుంటే, నేను అదే గదిలో అదే బల్ల ముందు ఇంకో ఏడాది కూర్చున్నాను.

నీవూ తెలియనిదాన్ని దాచుకునే పిల్లవే, ఆ సంగతి నాకు తెలుసు. సైకిల్ నేర్చుకునేటప్పుడు మోకాలు చీరుకుపోతే గౌను కింద దాచుకుని రెండు రోజులు కుంటుతూ తిరిగావు, చీము పట్టాక గానీ నాకు చూపించలేదు. అప్పుడు కోప్పడ్డాను, ఇప్పుడూ కోప్పడుతున్నాను. సొంతంగా చదువుకోవడం అంటే అనుమానాన్ని ఎవరికీ చెప్పకపోవడం కాదు తల్లీ.

రెండో ఏడు, నాకంటే ముందు ఆ చదువులో చేరిన ఒక అక్క నా ఎర్రగడుల పుస్తకం తీసి పక్కన పెట్టి, పదిహేను రోజులు లెక్క చెయ్యవద్దు, పటాలు మాత్రమే గీయమంది. ఈ వస్తువును ఏవేవి తాకుతున్నాయి? తాకుతున్న ప్రతిదీ దాన్ని ఎటు నెడుతోంది, ఎటు లాగుతోంది? తాకకుండా లాగుతున్నది భూమి ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా? అంతే, బాణాలు గీసి వదిలెయ్యాలి. పదో రోజున వాలుతలం పటాన్నీ తాడు కట్టిన పెట్టె పటాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నేను రెండు సూత్రాలుగా మోస్తున్నది ఒకే మాటని తెలిసింది. ఘర్షణను తేల్చేది వస్తువు బరువు కాదు, తలం దాన్ని ఎంత బలంగా నెడుతోందన్నదే. ఆ సాయంత్రం నేను ఏడ్చాను.

అప్పటి నుంచి ప్రతి సూత్రం కింద అది ఎప్పుడు చెల్లుతుందో రాసుకోవడం మొదలుపెట్టాను, నీవూ అలాగే చెయ్యి. చలన సమీకరణాలు త్వరణం స్థిరంగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. లోలకం ఆవర్తన కాలపు సూత్రం డోలనం చిన్నదైనప్పుడే సరిపోతుంది. అందులో వర్గమూలం కింద పొడవు పైన ఉండాలా, గురుత్వ త్వరణం పైన ఉండాలా అన్న తడబాటు వస్తే, మీటర్లను సెకను వర్గానికి మీటర్లతో భాగించి చూడు. సెకను వర్గం మిగులుతుంది, దాని వర్గమూలం సెకను, కనుక పొడవే పైన.

సన్నని గొట్టంలో ద్రవ ప్రవాహపు సూత్రాన్ని విసుగుతో దాటెయ్యకు. దాన్ని ప్రయోగాలతో రాబట్టినవారిలో ఒకరైన ప్వాజెయ్ రక్తప్రసరణను అర్థం చేసుకోవాలని గొట్టాలతో కుస్తీ పట్టిన ఫ్రెంచి వైద్యుడు. స్నిగ్ధతకు, అంటే ద్రవం ఎంత చిక్కగా పారుతుందన్నదానికి, ప్రమాణమైన పాయిజ్ ఆయన పేరు మీదుగానే వచ్చింది. ప్రవాహం అలజడి లేకుండా సాగుతూ మిగిలినవన్నీ మారకుండా ఉంటే, ప్రవాహం వ్యాసార్ధపు 4వ ఘాతాన్ని బట్టి మారుతుంది, అంటే వ్యాసార్ధం సగమైనప్పుడు ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. రోగికి రక్తం త్వరగా ఎక్కించవలసి వచ్చినప్పుడు మేము లావుగా, పొట్టిగా ఉన్న సూది కోసం వెతికేది అందుకే. అటువంటి ప్రతిసారీ నాకు ఆ 4వ ఘాతం గుర్తుకు వస్తుంది.

ఈ వారం నాకు ఒక కాగితం పంపు. అందులో పెట్టెను తాడుతో లాగకుండా, వెనక నుంచి అదే 30 డిగ్రీల కోణంలో కిందికి నెడుతున్నట్టు పటం గీయి. జవాబు కట్టవద్దు, బాణాలు చాలు. ఏ బాణం దగ్గర చెయ్యి ఆగిందో అక్కడ పెన్సిలుతో చిన్న సున్న చుట్టు.

నీ పెద్దమ్మ