భోజనానికి పిలిస్తే రాని స్నేహితురాలి గురించి

మీ స్నేహితురాలు ఎవరింట్లోనూ తినడం లేదనీ, ఎక్కడికి పిలిచినా ఏదో ఒక సాకు చెప్తోందనీ రాశారు. మీ మీద కోపమేమో అని అడిగారు. కోపం కాదండి. నేనూ ఐదేళ్లు అలాగే తప్పించుకు తిరిగాను కాబట్టి చెప్పగలను.

విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు పట్టుకుంది నాకు, లావైపోతానన్న భయం. నేను అన్నం మానడం కంటే ముందు మనుషుల్ని మానేశాను. పుట్టినరోజంటే కేకు, సినిమా అంటే ఇంటర్వెల్లో సమోసా, పరీక్షలు అయిపోతే బిర్యానీ. "పదవే" అని ఎవరన్నా నాకు తిండే గుర్తొచ్చేది. అక్కడ ఏం పెడతారు, పక్కన ఎవరు కూర్చుంటారు, ఎలా లేచి రావాలి, ఇదే టెన్షన్. వాళ్ల కబుర్లు చెవికెక్కేవి కావు. సాకులకు మన దగ్గర కొదవ లేదు కదా. సోమవారం శివుడికి, శనివారం వేంకటేశ్వరస్వామికి, మధ్యలో సంకష్టి. ఉపవాసం అన్నాక ఎవరూ మారు మాట అడగరు, పైగా ఎంత భక్తో అని మెచ్చుకుంటారు.

2011 మేలో నా రూమ్మేట్ నన్ను రాజమండ్రిలో వాళ్లింటికి తీసుకెళ్లింది. ఆ రోజు వాళ్లింట్లో ఆవకాయ పెడుతున్నారు. పొద్దుటి నుంచీ ముక్కలు తుడిచి, టెంక పొరలు తీసి, ఆంటీకి అందించాను. చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది. జాడీలకెత్తాక బేసిన్‌లో మిగిలిన పిండిలోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపారు ఆంటీ. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఒక్కో ముద్ద చేతిలో పెట్టారు. నాకు మిగతావాళ్ల కంటే పెద్దది పెట్టారు. అది చేతిలో పడగానే నాకు చెమటలు పట్టాయి. మంగళవారం కాబట్టి ఉపవాసం అనడానికీ లేదు. నీళ్లు తాగొస్తానని చెప్పి పెరట్లోకి వెళ్లి కరివేపాకు మొక్క మొదట్లో పడేశాను. చేయి కడుక్కుని వెనక్కి తిరిగేసరికి నా రూమ్మేట్ గుమ్మంలో నిలబడి ఉంది.

అప్పుడేమీ అనలేదు. రాత్రి డాబా మీద పడుకున్నాక అడిగింది: "మా ఇంట్లో తినకూడదని మీవాళ్లు చెప్పారా?"

మా కులాలు వేరు. మన ఊళ్లలో ఒకరింట్లో ముద్ద ముట్టలేదంటే ముందు తట్టే కారణం అదే. నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. పట్టింపు ఉన్నదాన్నని అనుకున్నా ఫర్వాలేదు, అసలు సంగతి మాత్రం బయటపడకూడదనిపించింది. "అదేం లేదే" అని అటు తిరిగి పడుకున్నాను. ఆ జూన్‌లో తను వేరే గదికి మారిపోయింది.

ఇలా మనుషులకు దూరమవడం స్వభావం కాదనీ, తిండి తగ్గితే మనిషి అలా అయిపోతాడనీ తర్వాత నాకు డాక్టరు గారు చెప్పారు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఆరు నెలల పాటు తిండి సుమారు సగానికి తగ్గించి చూశారట. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. వాళ్లకు సరదాలు పోయాయి, ఆడపిల్లల ధ్యాస పోయింది, ఎవరికివారై పోయారు. కొందరైతే వంటల పుస్తకాలు పోగేసి చదువుతూ కూర్చున్నారు. అది విని నేను ఏడ్చేశాను. హాస్టల్లో అర్ధరాత్రి నేను చేసిందీ అదే, పత్రికల్లో వంటల పేజీలు చదవడం.

ఇంకో మాట. "చిక్కావే, బాగున్నావ్" అనడం మనవాళ్లు ఎప్పుడు మానతారో! పెళ్లిలో పదిమంది ఎదురైతే ఎనిమిది మంది ముందు ఒంటి గురించే మాట్లాడతారు. నాకు ఈ జబ్బు (దీన్నే ఈటింగ్ డిజార్డర్ అంటారు) ముదిరిన రోజుల్లోనే అందరికంటే ఎక్కువ పొగడ్తలొచ్చాయి. బక్కపలచగా ఉంటేనే జబ్బనుకోవడం కూడా తప్పే. బొద్దుగా ఉండి, పదిమందిలో మెతుకు ముట్టకుండా గదిలో తలుపేసుకుని ఆగలేక తిని, సిగ్గుతో మర్నాడు ఎవరి మొహమూ చూడలేని వాళ్లున్నారు. మగపిల్లలూ ఉన్నారు. నన్నడిగితే దీన్ని ముందు పసిగట్టగలిగేది స్నేహితులే. ఇంట్లోవాళ్లకు కంచం ఖాళీ అయిందా లేదా అన్నదే కనిపిస్తుంది.

కాబట్టి మీరు భోజనానికి పిలవకండి. గాజులు కొనడానికో, గుడికో, సాయంత్రం అలా నడవడానికో పిలవండి. తిన్నావా అని అడగొద్దు, ఒంటి మాట ఎత్తొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి తోడొస్తానని చెప్పండి. సైకియాట్రిస్టు దగ్గరికి మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లి, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశాను నేను. అప్పట్లో లేదు గానీ 2022 నుంచి టెలిమానస్ అని మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

2018లో ఆ రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మకి నువ్వే చెప్పు" అని ఫోన్ ఆంటీకిచ్చింది. ఆంటీ అంతా విని, "ఏడేళ్లు నిన్ను తిట్టుకున్నాం తల్లీ. ఆ రోజు నేను అడిగుంటే చెప్పేదానివా?" అన్నారు. చెప్పేదాన్ని కాదని నిజమే చెప్పాను. మొదటిసారి ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు. మా రూమ్మేట్ డాబా మీద ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేదాన్నే. మీరు ఇప్పటికి ఒక్కసారే అడిగానని రాశారు. మళ్లీ అడగండి.