మూడు వందల మందికి ఇంటి దగ్గరే వంట: మెనూ కన్నా ముందు టైము లెక్క వేసుకోండి

మే నెలలో మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్, మూడు వందల మంది వస్తారు, ఇంటి దగ్గరే షామియానా వేయించి వంటవాళ్ళను పెట్టుకుంటున్నాం అన్నారు. ఈమధ్య తెలిసినవాళ్ళ ఫంక్షన్‌లో భోంచేసినవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని విన్న దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది, ఏం చూసుకోవాలి అని అడిగారు.

మా మేనమామది తణుకు దగ్గర కాటరింగ్ అండీ. కాలేజీ సెలవుల్లో వడ్డనతో మొదలుపెట్టి, తర్వాత సామాన్ల లెక్క, ఆ తర్వాత వంట దగ్గర అజమాయిషీ కూడా చూశాను. గాడిపొయ్యి దగ్గర చూసింది కొంత, తర్వాత చదివి తెలుసుకున్నది కొంత కలిపి చెప్తాను.

ఇలాంటివి జరిగినప్పుడు అందరూ ముందు అనేది "నూనె మంచిది కాదేమో", "కూరగాయలు వాడిపోయినవి వేశారేమో" అని. నేను చూసినంతలో గొడవ అక్కడ ఉండడం తక్కువ. పొయ్యి మీద కుతకుతలాడుతున్న సాంబారులో చాలా క్రిములు బతకవు. దించాక ఎన్ని గంటలు ఉంది, ఎంత వేడి మీద ఉంది, ఎవరి చెయ్యి పడింది అన్నదే చూడాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు పెరుగుతాయి. అందుకే వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మేలో మన షామియానా కింద మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, అంటే వాటికి పండగే. అక్కడ ఆ రెండు గంటలు కూడా ఎక్కువే అనుకోండి.

కాబట్టి వంట మేస్త్రితో మాట్లాడేటప్పుడు మెనూకి ముందు ఒకటి అడగండి: మొదటి బంతి పన్నెండున్నరకు అయితే, అన్నం ఎన్నింటికి దించుతారు? పప్పు ఎన్నింటికి? ముహూర్తాల రోజుల్లో ఒకే మేస్త్రి రెండు మూడు చోట్ల ఒప్పుకుంటాడు. తెల్లవారుజామున మీ వంట మొత్తం కానిచ్చి, ఇద్దరు కుర్రాళ్ళను కాపలా పెట్టి ఇంకో ఫంక్షన్‌కి వెళ్ళిపోతాడు. ఆరింటికి దించిన కూర ఒంటిగంటకు విస్తట్లో పడుతుంది. "ఆ రోజు ఇంకెక్కడైనా ఒప్పుకున్నారా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఒప్పుకున్నానంటే, నా మట్టుకు నేను ఇంకొకరిని చూసుకుంటాను.

అన్నం రెండు మూడు వాయిలుగా వండమనండి. మొదటి బంతి లేస్తుంటే రెండో వాయి దిగాలి. వాళ్ళకది కష్టం, పొయ్యి దగ్గర మనుషులు చివరిదాకా ఉండాలి, ఒక వెయ్యో రెండు వేలో ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. డెకరేషన్‌లో తగ్గించుకోవచ్చు.

అన్నం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మాంసం పాడవుతుందని అందరికీ తెలుసు, అన్నం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు, అంటే గట్టి పొరలో నిద్రపోతున్నట్టు ఉండే రూపం, ఉంటాయి. అవి ఉడికినా చావవు. వార్చిన అన్నాన్ని రాశిగా పోసి, పైన తడిగుడ్డ కప్పి గంటల తరబడి వదిలేస్తే ఆ గోరువెచ్చదనంలో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పొద్దుటి అన్నాన్ని సాయంత్రం ఫ్రైడ్ రైస్ చేసి పెడితే, తిన్న అయిదారు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. "బాగా వేడి చేశాం కదా" అన్నమాట ఇక్కడ చెల్లదు.

పులిహోర కొంత నయం. చింతపండు పులుపు క్రిములను పెరగనివ్వదు, అందుకే మనవాళ్ళు ప్రయాణాలకు అదే కట్టుకెళ్ళేవారు. కాకపోతే పులుసు అన్నమంతా పట్టాలి, వేడి అన్నానికే కలపాలి. దద్దోజనం సంగతి వేరు. సాయంత్రానికి పుల్లబడకూడదని కాటరింగ్‌వాళ్ళు పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోస్తారు. కాపాడేది ఆ పులుపే కదా, అది లేకుండా చేస్తే ఎలా? వడ్డనకు ముందు కలిపితే చాలు, పొద్దున్నే కలిపి పెట్టొద్దు.

మాంసాహారం పెడతారో లేదో మీరు రాయలేదు. పెట్టేట్టయితే ఇది చదవండి. మా దూరపు బంధువుల గృహప్రవేశానికి కోడికూర ముందురోజు రాత్రే వండేశారు. రుచి దిగుతుందని ఒక సాకు, పొద్దున పూజ హడావిడి ఉంటుందని ఇంకోటి. పెద్ద గుండిగ, పైన మూత, రాత్రంతా అలాగే. మధ్యాహ్నం మళ్ళీ పొయ్యి ఎక్కించి పొగలు వచ్చేదాకా కాచి వడ్డించారు. కూర అద్భుతంగా ఉందని అడిగి మరీ వేయించుకున్నారు. ఆ రాత్రి నుంచి సగం చుట్టాలకు కడుపులో మెలిపెట్టడం, నీళ్ళ విరేచనాలు. వాంతులు పెద్దగా లేవు. ల్యాబ్‌లో పరీక్ష చేయించినవాళ్ళు లేరు గానీ, ఈ లక్షణాలన్నీ క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే దానికి సరిపోతాయి. దాని బీజాలు కూడా ఉడుకును తట్టుకుంటాయి. లోతైన గుండిగ పైన చల్లారినా నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, గాలీ తగలదు. దానికి కావలసింది సరిగ్గా అదే. మర్నాడు పైపైన కాస్తే గుండిగ మధ్యలో కూర సరిగా కాగదు. తిన్న 6 నుంచి 24 గంటల్లో బయటపడుతుంది.

ముందురోజు వండాల్సిందే అంటే, వెడల్పు పళ్ళాల్లో రెండంగుళాల మందానికి మించకుండా పోసి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు చల్లార్చాలి. పెద్ద హోటళ్ళలో దానికి వేరే యంత్రాలుంటాయి. ఇంటి ఫ్రిజ్‌తో మూడు వందల మంది కూర చల్లార్చడం జరిగే పని కాదు. కాబట్టి ముందురోజు మసాలాలు నూరుకోవడం, ఉల్లిపాయలు వలుచుకోవడం వరకే. ఇంకోటి, కూరలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్లు ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతాయి, ఒకటి కొనండి. ముక్క లోపల 75 చూపిస్తే ఉడికినట్టు, బఫే డిష్‌లో 60కి పైన ఉంటే ఫర్వాలేదు. మేస్త్రి మొదట్లో నవ్వుతాడు. మా మేనమామ కూడా నవ్వాడు, ఇప్పుడాయన జేబులోనే ఉంటోంది.

ఇక చేతులు. టైఫాయిడ్ మేరీ అని వినే ఉంటారు. మేరీ మాలన్, న్యూయార్క్‌లో వంటమనిషి. ఆమెకు ఏ జబ్బూ కనపడలేదు, కానీ ఆమె వండిన ఇళ్ళల్లో వరసగా టైఫాయిడ్ వచ్చింది. 1907లో పట్టుకున్నారు. వేడివేడిగా వండి పెట్టిన వాటిలో క్రిములు చచ్చిపోతాయి కాబట్టి, పచ్చి పీచ్ పండ్ల ముక్కలు కలిపి ఆమె చేసే ఐస్‌క్రీమ్ వల్లే అంటుకుందని అప్పుడు అనుకున్నారు. మన మెనూలో ఆ ఐస్‌క్రీమ్ లాంటివి ఏవో చూసుకోండి: పెరుగుపచ్చడి, కొబ్బరి చట్నీ, కోసిన పుచ్చకాయ ముక్కలు, కీరా, కోవా స్వీట్లు, పైన చల్లే కొత్తిమీర. ఇవన్నీ పొయ్యి ఎక్కనివి, లేదా పొయ్యి దిగాక చెయ్యి పడేవి. మే నెలకు కొబ్బరి చట్నీ తీసేయండి, అల్లప్పచ్చడి పెట్టండి. పండ్లు అరటిపండ్లో, మామిడిపండ్లో ఒలుచుకుని తినేవే మేలు.

వంట దగ్గర వేలు తెగితే పసుపు అద్ది పని కొనసాగించడం మనవాళ్ళకు అలవాటు. చీము పట్టిన గాయంలో, ముక్కులో స్టఫిలోకాకస్ ఉంటుంది. అది తయారు చేసే విషం కూడా ఉడికినా పోదు, తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లో వాంతులు. చేతికి పుండు ఉన్న కుర్రాడిని, ఒంట్లో బాగాలేని కుర్రాడిని వంట వైపు రానివ్వొద్దు. అయితే ఒకటి. వాళ్ళు రోజుకూలీలు. విరేచనాలు అవుతున్నాయని చెప్తే ఆ రోజు డబ్బులు పోతాయి కాబట్టి చెప్పరు. "ఎవరికైనా బాగోలేకపోతే కూలి ఇచ్చే పంపిస్తాను, కోత లేదు" అని ముందురోజే మేస్త్రి ముందు అందరికీ వినపడేలా చెప్పండి. ఎన్ని బోర్డులు పెట్టినా రాని ఫలితం దీంతో వస్తుంది. వంట పాక పక్కనే కుళాయి ఉన్న డ్రమ్ము, సబ్బు పెట్టండి. చాలా చోట్ల ఉండేది ఒక తొట్టి, ఒక చెంబు. అందరూ మాంసం ముట్టుకున్న చేత్తో అదే చెంబు ముంచుతారు.

డ్రమ్ము అంటే గుర్తొచ్చింది, అంతకుముందు అందులో ఏముండేదో అడగండి. 2013 జులైలో బీహార్ సారన్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పొలాల దగ్గర ఖాళీ డబ్బాలు ఇంటి వాడకానికి తెచ్చుకునే ఊళ్ళు మనవి.

నీళ్ళకు సీలు ఉన్న క్యాన్లే తీసుకోండి. తాగడానికే కాదు, మజ్జిగకు, పానకానికి, కొత్తిమీర, పుదీనా ఆఖరిసారి కడగడానికి కూడా అవే. ఐస్ బయటినుంచి సీసాలు చల్లబరచడానికి మాత్రమే, గ్లాసులో వేయొద్దు. చేపలకు వేసే ఐస్ కూడా అదే ఫ్యాక్టరీ నుంచి వస్తుంటుంది. కలుషితమైన నీళ్ళతో వచ్చే కామెర్లు రెండు నుంచి ఆరు వారాలకు, టైఫాయిడ్ ఒకటి నుంచి మూడు వారాలకు గానీ బయటపడవు. అప్పటికి మీ ఫంక్షన్ ఎవరికీ గుర్తుండదు, అందుకే నీళ్ళ మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు.

స్టాల్స్ పెట్టేవాళ్ళు శాండ్‌విచ్, షవర్మా అంటారు. వద్దనండి. వాటిలో వేసే మయోనీజ్ సాస్‌ను, పచ్చి గుడ్డుతో చేసేదాన్ని, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. కాటరింగ్‌వాళ్ళయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు అడగండి, 14 అంకెలు ఉంటుంది. నంబరు ఉన్నంత మాత్రాన శుభ్రత ఉందని కాదు గానీ, అడిగితే కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు.

అన్నిటికన్నా నాకు భయం మిగిలినవాటితోనే. నాలుగింటికి బంతులు అయిపోతాయి, అప్పుడు అత్తయ్యకు ఒక కవరు, పిన్నికి ఒక డబ్బా కడతాం. ప్లాస్టిక్ కవరులో వేడి కూర పోసి, ముడేసి, రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు ఇస్తాం. తెల్లారి ఇంటికెళ్ళి తింటారు. పట్టుకెళ్ళడానికి కాజా, లడ్డు, జంతికలు ముందే వేరుగా చేయించి పెట్టండి, కూరలు ఇవ్వకండి. పిన్ని అలిగితే అలగనివ్వండి. ఆశ్రమానికి ఇవ్వాలనుంటే, వాళ్ళకు ముందే చెప్పి, మొదటి బంతికి ముందే వాళ్ళ వాటా వేడిగా తీసి పంపించండి. మేం అలాగే చేస్తాం.

ఇన్ని చేసినా ఎవరికైనా బాగోలేకపోతే ముందు ఒంట్లో నీళ్ళు తగ్గిపోకుండా చూడాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొన్ని ఇంట్లో ఉంచండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, తాగిన నీళ్ళు కూడా నిలవకపోవడం, గంటల తరబడి మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికే. చిన్నపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళయితే అంతవరకూ ఆగొద్దు. విరేచనాలు కట్టే మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు.

వడ్డన మొదలయ్యే ముందు ప్రతి పదార్థం కొంచెం శుభ్రమైన మూత డబ్బాల్లో తీసి, పేరు రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టండి. ఏమైనా జరిగితే దేనివల్లో తేలుతుంది, డాక్టరుకూ పనికొస్తుంది. మెనూ అనుకున్నాక ఇక్కడ రాయండి, మే ఎండకు ఏవి తీసేయాలో, ఏది ఎన్నింటికి దించాలో టైములతో సహా రాసిస్తాను.